కుర్చీ ముద్ర ఆవులు

"ముందు తిను. పోట్లాట ఎక్కడికీ పోదు," అంది మా అక్క లార్డిస్.

కెండ్రా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడింది, బూట్లు కూడా విప్పకుండా. మా అక్క వంటింట్లోకి కొట్టం బూట్లతో వచ్చి బతికి బయటపడ్డవాడు లేడు. ఆ రోజు అక్క ఆ బూట్ల వైపు చూసింది, చూపు తిప్పుకుంది. సంగతి ఎంత దూరం వచ్చిందో నాకు అక్కడే తెలిసింది.

బల్ల మీద మాంసం, పిండి ముద్దలు, పులిసిన క్యాబేజీ చల్లారిపోతున్నాయి. వాటి పక్కన కౌంటీ వ్యవసాయ కార్యాలయం ఉత్తరం. శనివారం వచ్చింది. ఇవాళ బుధవారం. శుక్రవారం లోపల జవాబు ఇవ్వాలి.

ఉత్తరంలో పెద్ద మాటలేమీ లేవు. కరోనా సాయం కింద పశువుకి ముప్పై మూడు డాలర్లు ఇచ్చారు. మా బావ మిలో జెలినెక్ రెండు వందల ముప్పై తల్లి ఆవులు ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. ఆయన కూతురు కెండ్రా తనకి నలభై ఒకటి ఉన్నాయని వేరే కాగితం మీద సంతకం పెట్టింది. రెండూ కలిపితే రెండు వందల డెబ్భై ఒకటి. తనిఖీకి వచ్చిన కుర్రది పచ్చిక బయలంతా తిరిగి లెక్కపెడితే ఉన్నవి రెండు వందల ముప్పై.

నలభై ఒక్క ఆవులకి ఇద్దరు యజమానులు. వాటి ముప్పై ఎనిమిది దూడలు కూడా రెండుసార్లు లెక్కలోకి ఎక్కాయి. ఎవరివో రాసివ్వండి, రెండోవారు తీసుకున్నది తిరిగి కట్టండి. అంతే.

"జూనెల్‌తో మాట్లాడొచ్చాను," అంది కెండ్రా. జూనెల్ ఆ కార్యాలయంలో పనిచేస్తుంది. "లోపలికి రానివ్వడం లేదు. అద్దం అవతల ఆవిడ, ఇవతల నేను, మధ్యలో ఫోను. జైల్లో మొగుణ్ణి చూడ్డానికి వెళ్ళినట్టుంది. పొరపాటని రాసిస్తే చాలంది. జరిమానా లేదు, ఏమీ లేదు. జవాబు రాకపోతేనే పైకి పంపాలంది."

"అయితే రాసివ్వు," అన్నాడు బావ, మాంసం కోసుకుంటూ. "పొరపాటు పడ్డానని రాసివ్వు."

"నేనా?"

"నువ్వే. నీకు తెలీక రాశావు. అందరికీ జరిగేదే."

"నా ఆవులు నావని రాయడం తెలీక రాయడమా నాన్నా?"

బావ కత్తి కింద పెట్టాడు. "ఆ లెక్క ఏప్రిల్లో ఉన్న పశువులది. ముద్రలు వేసింది మే నెల చివర్లో. ముద్ర లేని దూడ ఎవరిది? ఎవడి గడ్డి మేస్తుందో వాడిది."

"తల్లి ఎవరిదో వాళ్ళది. నాకు నేర్పింది నువ్వే. మావయ్య కూడా ఉన్నాడప్పుడు, అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పిండి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పశువుల బేరం చేస్తున్నవాణ్ణి. ఎప్పుడు నోరు నిండా ఉండాలో తెలుసు.

నిజానికి అడగాల్సిన పని లేదు. ఆ నలభై ఒక్క ఆవుల ఎడమ తొడ మీద కాల్చి వేసిన చిన్న కుర్చీ ముద్ర ఉంటుంది. అది బావ వాళ్ళమ్మ అల్బీనా ముద్ర. కెండ్రాకి పన్నెండేళ్ళప్పుడు ఆ ముసలమ్మ ఆరు ఆడ దూడల్నీ, ఇనుప ముద్రనీ ఇచ్చి, రాష్ట్ర ముద్రల పుస్తకంలో పిల్ల పేరు మీద రాయించింది. ఇక్కడ చాలా ఇళ్ళలో పిల్లలకి ఒకటో రెండో దూడలు ఇస్తారు. పిల్లలు పెద్దవాళ్ళై, వాటిని అమ్మి పాత కారు కొనుక్కుంటారు. కెండ్రా ఒక్కటీ అమ్మలేదు.

ఒప్పందం నోటి మాట మీదే జరిగింది. మగ దూడలు గడ్డికీ ఎండుగడ్డికీ బదులుగా తండ్రికి. ఆడ దూడలు ఆమెకి. ఆమె పనికి జీతం లేదు. పొద్దున పశువుల డాక్టరు దగ్గర సగం పూట పని, మిగతా సగం పూట ఇక్కడ. ఇప్పుడామెకి ముప్పై ఒకటి. పద్దెనిమిదో ఏట నుంచి లెక్క వేస్తే పదమూడేళ్ళ జీతం ఆ ఆవుల రూపంలో బయట నడుస్తోంది.

"గడ్డి ఎవరిది?" అన్నాడు బావ మళ్ళీ. "నీళ్ళెవరివి? చలికాలం మంచు పగలగొట్టి తాగించిందెవరు?"

"నేను," అంది కెండ్రా. "పోయిన జనవరిలో నీ నడుం పట్టేసినప్పుడు నీ ఆవులకి కూడా నేనే తాగించాను. అప్పుడు ఏ ముద్రా చూడలేదు."

"అదే చెబుతున్నాను! ఒక ఇల్లు, ఒక మంద. నువ్వు వచ్చి గీత గీస్తున్నావు. రెండు వేల డాలర్ల కోసం."

"రెండు వేల ఆరు వందల ఏడు. గీత నేను గియ్యలేదు నాన్నా. నాయనమ్మ గీసింది."

అక్క కాఫీ పోసింది. ఎవరూ అడగలేదు. బయట దూడలు అరుస్తున్నాయి. తల్లుల నుంచి విడదీసి రెండు రోజులే అయింది. కంచెకి ఇటు దూడలు, అటు ఆవులు, గొంతులు బొంగురు పోయినా మానడం లేదు. మాట ఆగినప్పుడల్లా ఆ అరుపులు వంటింట్లోకి వచ్చేస్తున్నాయి.

"కాలం అలాంటిది," అన్నాడు బావ, కొంచెం గొంతు తగ్గించి. "వసంతంలో మాంసం కంపెనీలు తలుపులు మూసేశాయి. దుకాణంలో మాంసం బంగారమైంది, కొట్టంలో మా ఎద్దుని ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. ప్రభుత్వం ఇస్తానంది. పశువులెన్ని అని అడిగారు. గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టి రాశాను. ఎప్పుడూ అలాగే లెక్కపెడతాను. దాన్ని పట్టుకుని దొంగని చేస్తున్నారు. రేపు ఆవులకి కూడా మూతికి గుడ్డలు కట్టమంటారు."

"ఎవరూ నిన్ను దొంగ అనలేదు."

"నువ్వు అంటున్నావు, బూట్లేసుకుని నిలబడి!"

కెండ్రా బూట్ల వైపు చూసుకుంది. వంగి, ఒక్కొక్కటే విప్పి, తలుపు పక్కన పెట్టింది. తర్వాత వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది. పిల్ల గట్టిదని నాకెప్పుడూ తెలుసు. అంత ఓపికైనదని అప్పుడే తెలిసింది.

"సరే నాన్నా. గేటు దగ్గర లెక్కపెట్టావు, కలిసిపోయాయి. నేను నమ్ముతాను. కాగితం మీద అదే రాయి. తిరిగి కట్టాల్సిన డబ్బు నేనిస్తాను. ఆ రెండు వేల ఆరు వందల ఏడు డాలర్లూ నా చెక్కు మీద, నీ తరఫున. నువ్వు సంతకం పెట్టు చాలు."

మంచి బేరం. నా జన్మలో అంత మంచి బేరం ఎవరూ నాకివ్వలేదు. బావకి పైసా ఖర్చు లేదు, మాట పడేది లేదు, కూతురు మళ్ళీ భోజనానికి వస్తుంది.

బావ కదల్లేదు.

కిటికీలోంచి బయటికి చూశాడు. అక్క కాఫీ కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

డబ్బు నేనిస్తానన్నా మనిషి కదలడం లేదంటే, అతన్ని పట్టి ఉంచింది డబ్బు కాదు. ఆ మాత్రం లెక్క కెండ్రాకీ వచ్చు. ఆమె తండ్రి మొహం చూసింది, తల్లి మొహం చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మావయ్యా. నీకు తెలుసు."

"నాకేం తెలుసు?"

"నువ్వు ఇవాళ దేనికి వచ్చావు? బుధవారం సంత రోజు. నువ్వు సంత మానుకున్నది మీ ఆవిడ ఆపరేషనప్పుడు ఒక్కసారే."

బావ నన్ను పిలిచాడు, పిల్లకి నచ్చజెప్పమని. అది చెప్పొచ్చు. సగం నిజం అమ్మడం నాకు కొత్త కాదు. ఆవు కుంటిదని అడగకపోతే చెప్పను, పాలు బాగా ఇస్తుందని మాత్రం చెబుతాను. కానీ ఆ పిల్ల బూట్లు విప్పి కూర్చుంది.

"బ్యాంకు," అన్నాను.

"రోలీ!" అన్నాడు బావ.

"ఎప్పటికైనా తెలిసేదే బావా. నా నోటితో తెలిస్తే కొంచెమైనా మర్యాద." కెండ్రా వైపు తిరిగాను. "ఎనిమిదేళ్ళ కిందటి కరువు గుర్తుందా? గడ్డి మొలవలేదు. మీ నాన్న అరవై ఆవుల్ని అమ్మేశాడు. నా చేతే అమ్మించాడు. బ్యాంకు అప్పు కాగితంలో మాత్రం రెండు వందల ముప్పై ఆవులు తాకట్టు అని ఉంది. తర్వాత కొన్ని కొన్నాడు, అన్నీ కొనలేకపోయాడు. లోటు మిగిలిపోయింది. నీ మంద పెరుగుతూ వచ్చింది..."

"చెప్పు."

"నీవి కలుపుకుంటే లెక్క సరిపోతుంది."

కెండ్రా వేళ్ళు బల్ల అంచు మీద ఉన్నాయి. కదల్లేదు.

"అంటే కుర్చీ ముద్ర ఆవులు తాకట్టులో ఉన్నాయి."

"కాగితంలో ముద్ర లేదు. సంఖ్యే ఉంది."

"ఎన్ని?"

"అన్నీ."

బావ లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. "అమ్ముకున్నానా? ఒక్కటైనా అమ్మానా? నీ ఆవులు నీకున్నాయా లేవా? కాగితం మీద సంఖ్య అది! బ్యాంకువాడికి సంఖ్య కావాలి, ఇచ్చాను. ఆ ఏడాది ఇవ్వకపోతే నువ్వు నిలబడ్డ ఈ నేల ఉండేది కాదు, నీ ఆవులు మేసే గడ్డి ఉండేది కాదు!"

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే?"

"ఇచ్చేదాన్ని," అంది కెండ్రా. "అడిగితే రాసిచ్చేదాన్ని నాన్నా. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నువ్వు చేతులు పిసుక్కుంటూ కొట్టంలో తిరగడం చూశాను. ఏం కావాలన్నా ఇచ్చేదాన్ని."

బావ అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

కెండ్రా ఉత్తరాన్ని దగ్గరికి లాక్కుంది. చదవడానికి కాదు, ఊరికే వేలితో అంచు సరిచేసింది. "ఇప్పుడు అర్థమైంది. నువ్వు దిద్దుకుంటే, నీకున్నవి నూట ఎనభై తొమ్మిదేనని ప్రభుత్వం కాగితం మీద పడుతుంది. బ్యాంకువాడు చూస్తాడు."

"చూస్తాడు. డిసెంబరులో అప్పు తిరగరాయాలి. ఈ సంవత్సరం ప్రతి కాగితం అడుగుతున్నాడు."

"నేను దిద్దుకుంటే, అవి నీవని నా చేత్తో రాసిచ్చినట్టు. అప్పుడవి నీవి కూడా కావు. బ్యాంకువి."

నేను మనసులో లెక్క కట్టాను, అలవాటు, ఆపుకోలేను. మంచి ఆవులు, ఐదారేళ్ళవి ఎక్కువ. ఈ రోజు సంతలో తలకి పన్నెండు వందల యాభైకి తగ్గవు. నలభై ఒకటికి యాభై ఒక్క వేల రెండు వందల యాభై. ఒక ఆడపిల్ల పదమూడేళ్ళ పని. రెండు వేల ఆరు వందలు సాయంగా వచ్చి, యాభై ఒక్క వేలని వెలుతురులోకి లాగింది. ఆ చెక్కు రాకపోయి ఉంటే ఇంకో ఎనిమిదేళ్ళు ఈ ఇల్లు హాయిగా భోంచేసేది.

"అమ్మా," అంది కెండ్రా. "నీకు తెలుసా?"

అక్క కాఫీ కుండని పొయ్యి మీద పెట్టింది. "బ్యాంకు కాగితం మీద ఇద్దరి సంతకాలూ కావాలి."

"చదవకుండా పెట్టావా?"

అక్కకి తప్పించుకునే దారి అక్కడే ఉంది. కూతురే తెరిచి పట్టుకుంది. అవును అంటే చాలు.

"చదివాను," అంది అక్క.

కెండ్రా తల వంచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తినప్పుడు మొహం పొడిగానే ఉంది.

"ఇంకొక్కటి మావయ్యా. బ్యాంకువాళ్ళు ఏటా పశువుల్ని లెక్కపెట్టిస్తారు కదా. ఎవరు లెక్కపెడతారు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. పొద్దున బండి ఎక్కినప్పటి నుంచీ తెలుసు.

"నేనే."

"ముద్రలు చూడలేదా?"

"లెక్క అడిగారు. ముద్రలు అడగలేదు."

"ఎంతిస్తారు దానికి?"

"డెబ్భై ఐదు డాలర్లు. ఏటా."

"ఎనిమిదేళ్ళు," అంది. "ఆరు వందలు." నాకంటే ముందే కట్టేసింది. "చవగ్గా పోయాను."

నేను కాఫీ తాగాను. చేదుగా ఉంది, లేక నాకే అనిపించిందో.

కెండ్రా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి బూట్లు తొడుక్కుంది. తొందర లేదు, కోపం లేదు. ఏదో పని పట్టిక గుర్తు చేసుకుంటున్నట్టు మాట్లాడింది.

"నేను జూనెల్ దగ్గరికి వెళ్ళను. ముందు బ్యాంకుకే వెళ్తాను. ఆ ఆవులు నావి, నా ముద్ర రాష్ట్రం పుస్తకంలో ఉంది, నేనెప్పుడూ తాకట్టు పెట్టలేదు అని చెబుతాను."

"చెబితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు బావ. "ఆవులు తగ్గినందుకు కాదు వాళ్ళు పట్టుకునేది. ఎనిమిదేళ్ళు లేనివి ఉన్నాయని సంతకం పెట్టినందుకు. నేలంతా అందులోనే ఉంది. ఈ ఇల్లు, మీ నాయనమ్మ ఇల్లు, నువ్వు పడుకునే గది!"

"తెలుసు. అందుకే ఇప్పుడే వెళ్ళడం లేదు." గడియారం చూసింది. "పన్నెండున్నర. నా ఆవుల్ని మంద నుంచి వేరుచేయడానికి రెండింటి దాకా పడుతుంది. బ్యాంకు మూడింటికి మూస్తారు. నువ్వు ముందు వెళ్తే, నీ అంతట నువ్వు వెళ్ళి చెప్పుకున్నట్టు అవుతుంది. నేను ముందు వెళ్తే, నేను బయటపెట్టినట్టు అవుతుంది. ఆ గంటన్నర నీది నాన్నా. నా దగ్గర ఇంకేం లేదు ఇవ్వడానికి."

తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. విసిరికొట్టి ఉంటే బావ దాన్ని పట్టుకుని ఇంకో అరగంట తిట్టుకునేవాడు. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

"చూశావా," అన్నాడు బావ నాతో. "తండ్రికి గడువు పెడుతోంది."

"బ్యాంకువాడు నీకు ఇంత గడువు ఇస్తాడా?"

"నువ్వు నా తరఫున మాట్లాడ్డానికి వచ్చావు!"

"మాట్లాడాను బావా. మాట్లాడింది చాలు. వెళ్ళు. బ్యాంకులో డెనిస్ చెడ్డవాడు కాదు. తనంతట వచ్చి చెప్పినవాణ్ణి వేలం దాకా తీసుకెళ్ళడు. గడువు ఇస్తాడు, వడ్డీ పెంచుతాడు, కొంత గడ్డి నేల అమ్మమంటాడు. బతుకుతావు."

"గడ్డి నేల అమ్మి బతకడమా?"

"అవును. అదీ బతుకే."

బావ కూర్చున్నాడు. చల్లారిన మాంసాన్ని ముక్కలు చేశాడు, తినలేదు. "వాళ్ళిప్పుడు లోపలికి కూడా రానివ్వడం లేదు," అన్నాడు. "బ్యాంకు బయట కారులోనే కూర్చోబెట్టి, గాలి లాక్కునే గొట్టంలో కాగితం పెట్టి లోపలికి పంపమంటారు. వెనకాల నాలుగు బండ్లు. గొట్టంలో ఏం పంపను రోలీ? ఎనిమిదేళ్ళ సంగతి చీటీ మీద రాసి పంపనా?"

నవ్వొచ్చింది, నవ్వలేదు. కిటికీలోంచి కెండ్రా కనిపిస్తోంది. గుర్రం మీద మందలోకి మెల్లగా వెళ్ళి, ఎడమ తొడలు చూసుకుంటూ, ఒక్కొక్క ఆవునే పక్కకి తీస్తోంది. దుమ్ము లేస్తోంది. బావ కూడా చూస్తున్నాడు. అతనికి తెలియకుండానే పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

ఒంటి గంట దాటింది. అతను లేవలేదు.

అక్క బల్ల తుడిచింది. కంచాలు తీసింది. కాసేపు లోపలి గదిలో ఏదో సద్దుకున్న చప్పుడు. తర్వాత వెనక తలుపు చప్పుడైంది. కోళ్ళకి గింజలు వేయడానికేమో అనుకున్నాను. బావ కూడా అదే అనుకుని ఉంటాడు, తల తిప్పలేదు.

పికప్ ఇంజను మోగింది.

ఇద్దరం ఒకేసారి లేచాం. గుమ్మంలోకి వెళ్ళేసరికి బండి పెద్ద గేటు దాటుతోంది. స్టీరింగు ముందు అక్క. చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు తొడుక్కుంది. మూతికి గుడ్డ కట్టుకుని నేరుగా ముందుకి చూస్తోంది. తారు రోడ్డెక్కి పట్నం వైపు తిరిగింది.

"లార్డిస్!" అని అరిచాడు బావ. దూడల అరుపుల్లో ఆ కేక అతనికే వినబడి ఉండదు.

కంచె దగ్గర కెండ్రా గుర్రాన్ని ఆపి రోడ్డు వైపే చూస్తోంది.

"ఆపు దాన్ని," అన్నాడు బావ నా చెయ్యి పట్టుకుని. "ఫోన్ చెయ్యి. నీ మాట వింటుంది. మొగుడు పెట్టమంటే సంతకం పెట్టానని కూడా అనదు మీ అక్క, అంతా తన నెత్తినే వేసుకుంటుంది. చదివే పెట్టానంటుంది. దానికి అబద్ధం చెప్పడం రాదు రోలీ!"

అది నిజం. చదివే పెట్టానంటుంది. ఎన్ని ఆవులని అడిగితే సరిగ్గా చెబుతుంది. ఎవరు లెక్కపెట్టారని అడిగితే అదీ చెబుతుంది. తమ్ముడని దాచదు.

పట్నానికి ఇరవై రెండు మైళ్ళు. అక్క నెమ్మదిగా నడుపుతుంది. అరగంట.

నేను ఫోన్ తీసి నంబరు నొక్కాను. బావ నా మొహంలోకి ఆశగా చూస్తున్నాడు. నొక్కింది అక్క నంబరు కాదని అతనికి తెలియదు. ఆమె చేరేలోపు నా లెక్క సంగతి నా నోటితోనే డెనిస్ చెవిలో పడాలి. అది ఆమె భారం తగ్గించడానికో, నా పేరు నిలబెట్టుకోవడానికో నాకే తేలలేదు. తేలేలోపే అవతల ఎత్తారు.

"డెనిస్? రోలండ్ని," అన్నాను. "జెలినెక్ మంద గురించి. నేనిచ్చిన లెక్క తప్పు."

నా చేతి మీదున్న బావ చెయ్యి జారిపోయింది.